తోటివాడి పిలుపు: గే పురుషులలో హెచ్‌ఐవీ పరీక్షను కమ్యూనిటీయే ముందుండి నడిపించేందుకు సమగ్ర మార్గదర్శి

హెచ్‌ఐవీ పరీక్ష ఎందుకు చేయించుకోలేదని ఒక గే పురుషుణ్ణి అడిగితే, అలాంటి పరీక్ష ఒకటుందని తెలియదన్న జవాబు చాలా అరుదుగా వస్తుంది. తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని ఒకరు, కౌంటర్‌లో కూర్చున్న మనిషి ఏం అడుగుతాడోనని ఒకరు, పాజిటివ్ అని తేలితే ఆ రాత్రి ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఒకరు వెనకాడుతూ ఉంటారు. ఇంకొందరికి ఈ భయాలేవీ ఉండవు. వచ్చే నెల వెళ్దామనుకుంటూనే మూడేళ్లు గడిచిపోతాయి. పోస్టర్లు, కరపత్రాలు వీటిలో దేన్నీ తీర్చలేవు. ఆ గది దాకా తానే ఒకసారి భయపడుతూ వెళ్లి, తిరిగి వచ్చిన మరో గే పురుషుడు మాత్రం తీర్చగలడు. అలాంటివాళ్లు నలుగురైదుగురు కలిసి తమ మధ్య పరీక్షల పనిని ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఈ వ్యాసం అడుగడుగునా వివరిస్తుంది.

మొదలుపెట్టే ముందు: ఆ భయానికి ఒక చరిత్ర ఉంది

1985లో అమెరికాలో మొదటి యాంటీబాడీ పరీక్షకు (వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే పదార్థాలను పట్టే హెచ్‌ఐవీ పరీక్షకు) ఆమోదం లభించినప్పుడు, ఆ ఫలితం తెలుసుకుని చేయగలిగింది దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే మందు లేదు. పాజిటివ్ అని ఎక్కడైనా నమోదైతే మాత్రం ఉద్యోగం, బీమా, ఇల్లు పోయే ప్రమాదం నిజంగానే ఉండేది. అందుకే ఆ రోజుల్లో కొన్ని గే సంఘాలే తమవాళ్లకు పరీక్ష విషయంలో తొందరపడవద్దని చెప్పాయి. అప్పటికి అది తెలివైన సలహాయే. 1996 ప్రాంతంలో మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చాక లెక్క మారింది. 2019లో వెలువడిన పార్ట్‌నర్-2 అధ్యయనం దాన్ని పూర్తిగా తిరగరాసింది. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని 782 గే జంటలను పరిశోధకులు అందులో గమనించారు. కండోమ్ లేకుండా దాదాపు 76,000 సార్లు లైంగిక సంపర్కం జరిగినా, చికిత్సతో వైరస్ గుర్తించలేనంత తక్కువ స్థాయికి చేరిన భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా అది సోకలేదు.

పరీక్ష చేయించుకోవడానికి కారణం ఇంత బలపడినా, జాబితాల్లో పేరు పడుతుందన్న భయం మాత్రం అంత త్వరగా పోలేదు. స్వలింగ సంబంధాలను ఇప్పటికీ నేరంగా చూసే దేశాల్లో అది పాత జ్ఞాపకం కూడా కాదు, రోజూ ఎదురయ్యే ప్రమాదం. కాబట్టి ఎదుటి మనిషి వెనకాడినప్పుడు దాన్ని అజ్ఞానమనుకోకుండా, అతను వేసుకుంటున్న లెక్కగా తీసుకుని మాట్లాడాలి.

మొదటి అడుగు: నెల రోజులు వినడం

కిట్లు తెప్పించకముందే, వేర్వేరు వయసుల, వేర్వేరు పరిస్థితుల పురుషులు పదిహేను ఇరవై మందితో విడివిడిగా మాట్లాడండి. చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించుకున్నారు, అప్పుడు ఏ మాట నొప్పించింది, ఏ వేళలు కుదురుతాయి, ఫలితాన్ని ఎవరి నోట వినాలనిపిస్తుంది అన్న ప్రశ్నలు చాలు. ఈ మాటల్లో తరచుగా కొన్ని గుంపులు బయటపడతాయి. బాహాటంగా గే అని చెప్పుకుని కలిసి తిరిగేవాళ్లను చేరుకోవడం సులభం. డేటింగ్ యాప్‌లో ముఖం లేని ఫొటోతో ఉండేవాళ్లు, పెళ్లయినవాళ్లు, తమను గే అని పిలుచుకోవడానికే ఇష్టపడనివాళ్లు వేరే గుంపు. సంఘం బోర్డు చూస్తే వీళ్లు ఆ వీధిలోకే రారు. మీ పథకం మొదటి గుంపుకు మాత్రమే పనికొస్తుందని ఇక్కడే తేలిపోతే మంచిదే, ఎందుకంటే ఏడాది పని చేశాక తెలియడం కన్నా ఇది చవక.

రెండవ అడుగు: ఎవరి మాట చెల్లుతుందో గుర్తించడం

అమెరికాలోని చిన్న పట్టణాల గే బార్లలో చేసిన ఒక ప్రయోగ ఫలితాలను మనస్తత్వవేత్త జెఫ్రీ కెల్లీ, ఆయన సహచరులు 1991లో ప్రచురించారు. అక్కడ ఎవరి మాటకు విలువ ఉందో బార్‌లో మద్యం అందించే వాళ్లను అడిగి తెలుసుకున్నారు. అలా పేర్లు వచ్చిన వ్యక్తులకు శిక్షణ ఇచ్చి, వాళ్ల స్నేహితులతో మామూలు కబుర్ల మధ్యలోనే సురక్షిత లైంగిక జీవితం గురించి మాట్లాడమన్నారు. అలా శిక్షణ జరిగిన చోట ప్రమాదకర ప్రవర్తన తగ్గింది. ఆ ప్రయోగం పరీక్షల గురించి కాకపోయినా, మనకు పనికొచ్చే పాఠం అందులో ఉంది. ప్రభావం గల మనిషిని సంఘం అధ్యక్షుడు ఎంపిక చేయలేదు, రోజూ అందరినీ గమనించే మనిషి చూపించాడు.

నా అనుభవంలో మంచి వక్తలు ఈ పనికి పెద్దగా ఉపయోగపడరు. అర్ధరాత్రి గుండె దడ పుట్టినప్పుడు జనం ఎవరికి మెసేజ్ పెడతారో, ఎవరి దగ్గర చెప్పిన మాట మూడో చెవికి చేరదో, అలాంటివాళ్లను వెతకండి. బృందంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్న పురుషుడు ఒక్కరైనా ఉండాలి, అదీ సలహాదారుగా పేరుకు కాకుండా నిర్ణయాలు తీసుకునే స్థానంలో. ఎయిడ్స్‌తో జీవిస్తున్నవారు తమ గురించి తీసుకునే ప్రతి నిర్ణయంలో తాము ఉండాలని 1983లోనే డెన్వర్ సూత్రాలుగా పేరుపడిన ప్రకటనలో అడిగారు.

శిక్షణ ఇవ్వకుండా ఎవరినీ పనిలోకి దించకండి. వైద్య వృత్తిలో లేకపోయినా, శిక్షణ, పర్యవేక్షణ ఉంటే సామాన్య కార్యకర్తలు స్వయంగా రాపిడ్ పరీక్షలు (నిమిషాల్లో ఫలితమిచ్చేవి) చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే సిఫారసు చేసింది. అయితే మీ దేశపు చట్టం దాన్ని అనుమతిస్తుందో లేదో ముందే కనుక్కోండి. అనుమతించకపోతే ఒక నర్సును బృందంలో చేర్చుకుని, మిగతా పనంతా తోటివాళ్లే చేయవచ్చు.

మూడవ అడుగు: పరీక్ష ఎక్కడ జరగాలి

కమ్యూనిటీయే నడిపే ప్రత్యేక కేంద్రం ఒక దారి. బార్సిలోనాలో 2006లో మొదలైన చెక్‌పాయింట్ కేంద్రం ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. అక్కడ గే పురుషులే గే పురుషులకు పరీక్ష చేస్తారు. లోపలికి వచ్చే మనిషి తన లైంగికతను వివరించుకోవాల్సిన పని ఉండదు, ఆ కేంద్రం బలమంతా అందులోనే ఉంది. అంత స్తోమత లేని బృందం, ఇప్పటికే ఉన్న క్లినిక్‌తో మాట్లాడుకుని వారానికి ఒక సాయంత్రం తీసుకోవచ్చు. ఆ సాయంత్రం తలుపు దగ్గర పలకరించేది, వేచి ఉండే గదిలో కూర్చునేది మీవాళ్లే కావాలి. బోర్డు మీద హెచ్‌ఐవీ అని ఒక్కటే రాయకుండా, సిఫిలిస్, గొనేరియా, హెపటైటిస్ పరీక్షలతో కలిపి లైంగిక ఆరోగ్య పరీక్ష అని రాయండి. లోపలికి వెళ్లేవాడు ఏ పరీక్ష కోసం వచ్చాడో బయటివాళ్లకు తెలియకుండా ఉంటుంది, వైద్యపరంగా కూడా అవన్నీ కలిపి చేయడమే సరైనది.

ఏ కేంద్రానికీ రానివాళ్లకు సొంతంగా చేసుకునే కిట్టే దారి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దాన్ని సిఫారసు చేసింది.

నాలుగవ అడుగు: కిట్‌ను స్నేహాల మీదుగా పంపడం

ఈ పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తక్కువ డబ్బుతో అన్నిటికన్నా దూరం వెళ్లేది ఇదే. లైంగిక, సామాజిక సంబంధాల గొలుసు ద్వారా పరీక్షను అందించే విధానాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాలలో చేర్చింది. పని తీరు సులభం. మొదట నాలుగు వేర్వేరు వలయాల నుంచి ఒక్కొక్కరిని ఎంచుకుని, ఒక్కొక్కరికి మూడేసి కిట్లు ఇస్తారు. ఒకటి తనకు, మిగతా రెండు తాను ఎంచుకున్న స్నేహితులకో భాగస్వాములకో. ఆ ఇద్దరిలో ఇష్టమున్నవారు వచ్చి మళ్లీ మూడు తీసుకువెళ్తారు. పెట్టెల కొద్దీ ఇవ్వకూడదు. అలా ఇస్తే, అందరికీ తెలిసిన ఒక్క మనిషి స్నేహితులే అంతటా నిండిపోతారు, గొలుసు మూలల్లో ఉన్నవాళ్ల దాకా వెళ్లదు.

కిట్ ఇచ్చేటప్పుడు అనే మాట ఎలా ఉండాలో శిక్షణలో పలికించి చూడండి. పని చేసిన ఒక మెసేజ్ ఇలా ఉంది: “నేను పొద్దున చేసుకున్నాను రా. ఇంకో కిట్ ఉంది, కావాలంటే తెచ్చిస్తా. ఏమొచ్చిందో నాకు చెప్పక్కర్లేదు.” ఇందులో ఉపదేశం లేదు. చెప్పేవాడు తానే ముందు చేసుకున్నాడు, వద్దనే వీలు అవతలివాడికి వదిలాడు, ఫలితం అడగనని మాటిచ్చాడు. దీని పక్కన “నీ ఆరోగ్యం నీ బాధ్యత, వెంటనే పరీక్ష చేయించుకో” అన్న వాక్యం పెట్టి చూస్తే, రెండోది ఎందుకు చదవకుండానే పక్కకు పోతుందో తెలుస్తుంది.

కిట్‌ను చేతిలో పెట్టి వదిలేయకండి. నోటి ద్రవంతో చేసే రకంలో, పరికరం కొసను పై చిగురు మీద ఒకసారి, కింది చిగురు మీద ఒకసారి మెల్లగా రాసి, ద్రావణం ఉన్న చిన్న సీసాలో నిలబెట్టాలి. జనం బుగ్గ లోపలో నాలుక మీదో రుద్దుతుంటారు, ఆ తప్పును ముందే చెప్పాలి. ఎక్కువగా వాడే ఒక కిట్‌లో ఫలితాన్ని ఇరవై నిమిషాల తర్వాత, నలభై నిమిషాల లోపు చూడాలి. ఒక్కో కంపెనీ కిట్‌కు ఈ సమయం వేరుగా ఉంటుంది కాబట్టి, పెట్టెలోని కాగితమే ప్రమాణం. సి అన్న అక్షరం దగ్గర గీత రాకపోతే ఆ పరీక్ష చెల్లదు. టి దగ్గర గీత, పట్టి చూస్తే తప్ప కనిపించనంత లేతగా ఉన్నా, అది రియాక్టివే, అంటే హెచ్‌ఐవీ ఉండే అవకాశం ఉందని అర్థం. ఈ లేత గీతే అందరినీ కలవరపెడుతుంది. వెలుతురు కింద తిప్పి తిప్పి చూసి, లేదులే అని సర్దిచెప్పుకుంటారు. శిక్షణలో లేత గీత ఫొటో ఒకటి తప్పకుండా చూపించండి.

ఈ కిట్‌లో ఎంత స్పష్టంగా రెండు గీతలు వచ్చినా అది నిర్ధారణ కాదు, ఇంకా పరీక్షలు కావాలి. ఇప్పటికే హెచ్‌ఐవీ చికిత్స తీసుకుంటున్నవాళ్లు దీన్ని వాడకూడదు, ఎందుకంటే వాళ్లకు ఫలితం తప్పుగా నెగెటివ్ రావచ్చు. భాగస్వామి చేత బలవంతంగా చేయించడానికి ఎవరైనా కిట్ అడుగుతున్నారని అనుమానం వస్తే ఇవ్వకండి.

ఐదవ అడుగు: ఏ మాటలు చెప్పాలి, ఎప్పుడు

భయపెట్టే బొమ్మలతో చేసిన ప్రచారం, అప్పటికే భయపడుతున్న మనిషిని ఇంకో ఏడాది ఇంట్లో కూర్చోబెడుతుందని నా గట్టి అభిప్రాయం. చికిత్సతో వైరస్ గుర్తించలేని స్థాయికి చేరి అక్కడే నిలిచినవారి నుంచి లైంగికంగా అది సోకదన్న ఒక్క వాస్తవం, పుర్రె బొమ్మలన్నిటికన్నా ఎక్కువ మందిని పరీక్ష దాకా తెస్తుంది. యూ=యూ (అన్‌డిటెక్టబుల్ = అన్‌ట్రాన్స్‌మిటబుల్, అంటే గుర్తించలేకపోతే సోకదు) అన్న పేరుతో 2016 నుంచి సాగుతున్న ప్రచారం చెప్పేది ఇదే. నెగెటివ్ వచ్చినవాళ్లకు కూడా అందుకోవడానికి ఒకటుంది. అది ప్రెప్, అంటే సోకకుండా ముందే తీసుకునే మందు. దాన్ని మొదలుపెట్టాలంటే ముందు నెగెటివ్ అని తేలాలి కాబట్టి, పరీక్ష అన్నది తలుపు దగ్గరి మొదటి మెట్టవుతుంది.

సమయాన్ని కూడా మాటల్లో పెట్టండి. నిన్న రాత్రి జరిగిన దాని గురించి ఇవాళ పరీక్ష ఏమీ చెప్పదు. యాంటీబాడీలను మాత్రమే పట్టే పరీక్షకు దాన్ని గుర్తించడానికి వైరస్ సోకిన నాటి నుంచి 23 నుంచి 90 రోజులు పడుతుంది. వైరస్‌లోని భాగమైన యాంటిజెన్‌ను కూడా పట్టే ప్రయోగశాల పరీక్షకు 18 నుంచి 45 రోజులు, వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పరీక్షకు 10 నుంచి 33 రోజులు పడుతుంది. ఆందోళనతో మర్నాడే పరిగెత్తుకొచ్చిన మనిషికి కావాల్సింది పెప్, అంటే వైరస్ సోకే ప్రమాదం ఎదురయ్యాక సోకకుండా వాడే మందు. ఆ మందు 72 గంటల లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అతన్ని “మూడు నెలలాగి రండి” అని పంపిస్తే, ఆ గంటలు చేజారిపోతాయి. మీ కార్యకర్తల ఫోన్లలో దగ్గరలో పెప్ ఇచ్చే చోటు నంబరు ఉండాలి.

ఎన్నాళ్లకోసారి అన్న ప్రశ్న తప్పక వస్తుంది. లైంగికంగా చురుకుగా ఉన్న గే పురుషులు కనీసం ఏడాదికి ఒకసారి చేయించుకోవాలనీ, కొందరికి మూడు నుంచి ఆరు నెలలకోసారి మేలనీ అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతుంది. గే పురుషుల డేటింగ్ యాప్ గ్రైండర్ 2018లో మూడు నుంచి ఆరు నెలల వ్యవధితో గుర్తుచేసే సదుపాయం పెట్టింది. మీరు కూడా ఇష్టపడినవాళ్లకు గుర్తుచేసే మెసేజ్ పంపవచ్చు. అందులో హెచ్‌ఐవీ అన్న మాట ఉండకూడదు, ఎందుకంటే ఫోన్ తెర ఇంకొకరి కళ్ల ముందు కూడా వెలుగుతుంది.

ఆరవ అడుగు: ఆ ఇరవై నిమిషాలు

పరీక్ష జరిగే ముందు, వచ్చిన మనిషి అనుమతిని అతని నోటే వినాలి. స్నేహితుడు లాక్కొచ్చిన కుర్రాడు మౌనంగా చెయ్యి చాపడం అనుమతి కాదు. “రియాక్టివ్ అని వస్తే ఇవాళ ఎవరితో ఉంటారు?” అన్న ప్రశ్న కూడా ముందే అడగండి. దానికి జవాబు దొరకనివాళ్లు పరీక్షను ఇంకో రోజుకు మార్చుకున్నా తప్పు లేదు.

కిట్ బల్ల మీద పెట్టాక గదిలో నిశ్శబ్దం పెరుగుతుంది. కొత్త కార్యకర్తలు ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోలేక ఆరోగ్య ఉపన్యాసం మొదలుపెడతారు. నేను నేర్చుకున్న పద్ధతి వేరు. పరికరాన్ని అతని చూపు పడని వైపుకు జరిపి, “ఇంకో ఇరవై నిమిషాలు పడుతుంది అన్నా. దీని గురించే మాట్లాడుకుందామా, వేరే ఏమైనా మాట్లాడుకుందామా?” అని అడుగుతాను. చాలామంది వేరే అంటారు. ఐదు నిమిషాలు ఉద్యోగం గురించీ గది అద్దె గురించీ మాట్లాడి, వాళ్లంతట వాళ్లే మొన్నటి సంగతికి వస్తారు. లోపల దాచుకున్న ప్రశ్న అప్పుడు బయటికొస్తుంది.

నెగెటివ్ వస్తే రెండు నిమిషాల్లో పంపేయాలనిపిస్తుంది. విండో పీరియడ్ (సోకాక పరీక్షలో బయటపడటానికి పట్టే రోజుల) లెక్క, ప్రెప్ సంగతి, తర్వాతి తేదీ, ఈ మూడూ చెప్పకుండా పంపకండి.

రియాక్టివ్ వచ్చినప్పుడు వాక్యాలు చిన్నవిగా ఉండాలి. “మొదటి పరీక్ష రియాక్టివ్ అని వచ్చింది. హెచ్‌ఐవీ ఉండే అవకాశం ఉందని అర్థం. తేల్చడానికి ఇంకా పరీక్షలు కావాలి. మీతో నేనొస్తాను.” అక్కడితో ఆగండి. ఆ తర్వాత చెప్పే వివరాలు చెవికెక్కవు. అయ్యో అనడం, ఎలా వచ్చిందని ఆరా తీయడం, దేవుడున్నాడనడం, ఈ మూడింటినీ శిక్షణలోనే మాన్పించాలి. నిర్ధారణకు వరుసగా మూడు వేర్వేరు పరీక్షలు రియాక్టివ్ రావాలన్న విధానాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. కాబట్టి మీ గదిలో ఎవరికీ పాజిటివ్ అని చెప్పే అధికారం మీకు లేదు.

ఏడవ అడుగు: గది నుంచి చికిత్స దాకా

నిర్ధారణ అయ్యాక ఏడు రోజుల లోపు, వ్యక్తి సిద్ధంగా ఉంటే అదే రోజు కూడా, చికిత్స మొదలుపెట్టవచ్చని 2017 నుంచి సిఫారసు ఉంది. చీటీ రాసిచ్చి దారి చెబితే సరిపోదు. వెంట వెళ్లండి, వరుసలో నిలబడండి, మొదటి మందు సీసా చేతికి వచ్చేదాకా ఉండండి. అందుకు ముందే ఒక క్లినిక్‌లో గే పురుషులతో మర్యాదగా మసలే వైద్యుడినో నర్సునో పేరుతో సహా తెలుసుకుని పెట్టుకోవాలి. అలాంటి మనిషి దొరికేదాకా పరీక్షలు మొదలుపెట్టవద్దని నేను ఖచ్చితంగా చెబుతాను.

భాగస్వాములకు తెలియజేయడం ఆ తర్వాతి సంగతి. తానే చెబుతాడా, కార్యకర్త పక్కన ఉండగా చెబుతాడా, పేరు బయటపడకుండా ఇంకొకరు చెప్పాలా అన్నది అతనే నిర్ణయించుకోవాలి. చెప్పడం వల్ల దెబ్బలు తినే పరిస్థితి ఉందేమో ముందు అడగాలి.

ఎనిమిదవ అడుగు: ఏం రాసుకోకూడదు

తొలి రోజుల్లో మా బృందం ఒక నోట్‌బుక్ పెట్టింది. పేరు, ఫోన్ నంబరు, ఫలితం, మూడూ ఒకే వరుసలో. ఒక సాయంత్రం అది వేచి ఉండే గదిలోని బెంచీ మీద గంటసేపు ఉండిపోయింది. ఎవరూ తెరవలేదని మేం ఈనాటికీ నమ్ముతున్నాం, కానీ రుజువు లేదు. ఆ రాత్రే దాన్ని చించేసి, సంకేత సంఖ్యలకు మారాం. ఫలితాలు ఒకచోట, ఫోన్ నంబర్లు వేరొకచోట తాళం వేసి ఉండాలి, రెండింటినీ కలిపే కాగితం ఒక్కరి దగ్గరే ఉండాలి. అవసరం తీరిన వెంటనే నంబరు చెరిపేయాలి. అధికారుల తనిఖీ భయం ఉన్న చోట నంబర్లు అసలే రాసుకోకండి, వచ్చినవాడి చేతికే తర్వాతి తేదీ వేసిన పేరు లేని కార్డు ఇవ్వండి. కార్యకర్తల వాట్సాప్ గుంపులో ఫలితం గురించి ఒక్క అక్షరం కూడా రాకూడదు.

తొమ్మిదవ అడుగు: లెక్క చూసుకోవడం

నిధులిచ్చేవాళ్లు మొత్తం ఎన్ని పరీక్షలని అడుగుతారు. ఆ అంకె పెంచడం సులువు, ఏడాదికి నాలుగుసార్లు ఎటూ వచ్చేవాళ్లనే మళ్లీ పిలిస్తే చాలు. మీరు మాత్రం వేరే మూడు అంకెలు చూసుకోండి: జీవితంలో మొదటిసారి వచ్చినవాళ్లు ఎందరు, ఏడాదికి పైగా చేయించుకోనివాళ్లు ఎందరు, రియాక్టివ్ వచ్చినవాళ్లలో వారం లోపు వైద్యుణ్ణి చూసినవాళ్లు ఎందరు. వచ్చినవాళ్లకు ప్రయాణ ఖర్చు ఇవ్వవచ్చు కానీ, ఫలితాన్ని బట్టి కార్యకర్తకు డబ్బిచ్చే పద్ధతి పెట్టారంటే, నెల తిరగక ముందే ఒత్తిడి మొదలవుతుంది. హెచ్‌ఐవీ పరీక్ష, చికిత్స సేవల్లో 30 శాతం కమ్యూనిటీ సంస్థల ద్వారా అందాలని 2021లో ఐక్యరాజ్యసమితి సభ్య దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. నిధుల కోసం అధికారులతో మాట్లాడేటప్పుడు ఆ మాట గుర్తుచేయండి.

కార్యకర్తల సంగతి చివరికి మిగిలిపోతుంటుంది. ఒకే వారంలో రెండు రియాక్టివ్ ఫలితాలు చెప్పినవాడికి మరుసటి వారం సెలవివ్వండి, తన మాట తాను చెప్పుకోవడానికి బృందం బయట ఒక మనిషిని చూపించండి. వాళ్ల పరీక్షలు కూడా అదే వ్యవధిలో జరగాలి, కానీ తమ సొంత గదిలో, తమ సహచరుల చేతనే చేయించుకోవాలన్న నియమం పెట్టకండి. మా బృందంలో ఇద్దరు ఇప్పటికీ బస్సెక్కి వేరే ఊరి క్లినిక్‌కు వెళ్తారు. ఎందుకని మేం అడగం.